మడి మూల తూనీగల గుంట: మే నుంచి నవంబరు దాకా పని డైరీ

స్థలం: శ్రీకాకుళం జిల్లా, నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట కాలవ కింద ఒక వరి చెక్క. గుంట విస్తీర్ణం అర సెంటు.

మే 14

వరి మడిలో తూనీగకు తిండి లోటు లేదు. సుడిదోమ, ఆకుముడత రెక్కల పురుగు, దోమ, ఈగ, ఏది ఎదురొస్తే దాన్ని గాలిలోనే పట్టి తింటుంది. లోటంతా నీరు నిలిచే రోజులది. తూనీగ బతుకులో ఎక్కువ భాగం నీటిలోనే, రెక్కలు రాని పిల్లపురుగుగా గడుస్తుంది. వానలతో పాటు వచ్చే పసుపు తూనీగ (పంటాలా ఫ్లావెసెన్స్) మాత్రం నలభై రోజులకు అటూ ఇటూగా గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చేస్తుంది. మిగతా రకాల్లో చాలావాటికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు ఎరువు చల్లడానికి ఒకసారి, పిలకల దశ దాటాక ఒకసారి మడి ఆరగడతారు. ఆరిన ప్రతిసారీ బురదలోని పిల్లపురుగులు ఎండి చస్తాయి, లేదా కొంగల పాలవుతాయి. మడిని ఆనుకునే ఉండి, మడి ఎండినప్పుడు తాను ఎండని గుంట ఒకటి ఉంటే ఆ తరం నిలుస్తుంది. ఈ పని వెనక ఉన్న లెక్క ఇంతే.

చోటు ఎంచడంలో అందరి చూపూ మొదట మడి పల్లపు మూల మీదికి పోతుంది, నీరు దానంతటదే చేరుతుంది కదా అని. అక్కడ తవ్వకూడదు. మడిలో వేసిన గుళికల మందు, యూరియా నీరు మొత్తం దిగేది ఆ మూలకే. ఎగువ గట్టు పక్కన, తూర్పు దక్షిణాల్లో చెట్టు నీడ లేని చోటు తీసుకున్నాం. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. మామిడి, జీడిమామిడి పక్కనయితే ఆకు రాలి కుళ్లి, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది.

నేల పరీక్ష: అడుగు పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి సాయంత్రం నింపి వదిలేయాలి. మట్టి బాగా తాగాక మర్నాడు పొద్దున మళ్లీ నింపి కొలవాలి. ఇక్కడి ఎర్ర ఇసుక నేలలో ఒక్క రోజులో నాలుగు అంగుళాలు దిగింది. ఉన్న నేల నీరు పట్టదు, పైన జిగురు మట్టి పరవాల్సిందే.

మే 20–22

తవ్వకం. కోడిగుడ్డు ఆకారం, పొడవు 20 అడుగులు, వెడల్పు 13. లోతు మూడు మెట్లు. అంచు మెట్టు రెండు అడుగుల వెడల్పు, సున్నా నుంచి ఆరు అంగుళాలకు జారుతుంది. రెండో మెట్టు రెండు అడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు. మధ్య గొయ్యి రెండున్నర అడుగులు. నిండితే 5,900 లీటర్ల దాకా పడుతుంది. మట్టి పూత కోసం అన్ని చోట్లా ఎనిమిది అంగుళాలు అదనంగా తవ్వాలి. ఇది మరిచిపోతే పూత వేశాక గుంట పళ్లెంలా మిగులుతుంది.

మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువు గోడ వద్దు, ఏటవాలుగానే ఉండాలి. నిలువుగా తీస్తే తడి మట్టి జారి అడుక్కి చేరుతుంది. గుంటలో ముఖ్యమైన భాగం పల్చని అంచు మెట్టే. పిల్లపురుగుల్లో ఎక్కువ శాతం వెచ్చగా, మొక్కలు గుబురుగా ఉన్న ఆ జానెడు నీటిలోనే ఉంటాయి. మధ్య లోతు ఎండల్లో దాక్కోవడానికి.

మే 28

షీటా, మట్టా అన్న చర్చ ఇవాళ తేలింది. నీటి కుంటలకు పరిచే 500 మైక్రాన్ల నల్ల షీటు తేలిక, ఒక్క రోజు పని. కానీ మెరిసే నల్లటి ఉపరితలం మీద పడి తిరిగొచ్చే వెలుగు ధ్రువణం చెంది, అంటే దాని కంపనాలు ఒకే దిశకు సర్దుకొని ఉంటుంది. తూనీగ నీటిని గుర్తుపట్టేది ఆ వెలుగుతోనే. అందుకే కల్లంలో పరిచిన తడి టార్పాలిన్ మీద, కారు బానెట్ మీద, నునుపు గ్రానైట్ మీద ఆడ తూనీగ తోక ఆనించి ఆనించి గుడ్లు పెట్టేస్తుంది. ఆ గుడ్లన్నీ అక్కడే మాడిపోతాయి. షీటు వేసేవాళ్లు అంచు బయటికి కనబడకుండా అడుగు వెడల్పున మట్టి కప్పి తీరాలి. ఇక్కడ చెరువు మట్టి దగ్గర్లోనే దొరికింది కాబట్టి షీటు వదిలేశాం.

చెరువు పూడిక మట్టి రెండు ట్రాక్టర్లు. మట్టి మంచిదో కాదో తెలుసుకోవడానికి తడిపి పెన్సిలంత లావు పోగు చేసి వేలికి చుట్టాలి. పగుళ్లు లేకుండా చుట్టుకుంటే పనికొస్తుంది. విరిగితే ఇసుక ఎక్కువ. పేడ కలిపితే గట్టిపడుతుందని సలహా వచ్చింది. గోడకు మంచిదే గానీ నీటి అడుగున పేడ కుళ్లి నాచు పుట్టిస్తుంది. కలపలేదు.

పూత రెండు వరుసలు, ఒక్కోటి నాలుగు అంగుళాలు. ముందు నేలను తడపాలి, పొడి నేల మీద తడి మట్టి అతకదు. పరిచిన మట్టిని వరి మడికి దమ్ము చేసినట్టే తొక్కాలి. గుంట చిన్నది, పశువులు తిరగలేవు. అందుకని నలుగురు మనుషులు ఒక పూటంతా కాళ్లతో తొక్కారు. కాలు తీసినప్పుడు గుంట పడకుండా మట్టి వెన్నలా కలుసుకుపోయే దాకా తొక్కితేనే నీరు ఆగుతుంది. ఏటవాలు చోట్ల దిమ్మిసతో కొట్టాలి. అయిన భాగం మీద వెంటనే తడి గోనెలు కప్పాం. మే నెల ఎండకు గంటలో నెర్రెలు తీస్తుంది, ఒకసారి నెర్రె పడితే పై పూతతో అది మూసుకోదు, మళ్లీ తొక్కాల్సిందే.

గట్టున పోతున్న రైతు ఒకాయన ఆగి, "దోమలకి గొయ్యి తవ్వుతున్నారేటండి?" అన్నాడు. సరైన ప్రశ్నే. జవాబు జూన్ 24 దగ్గర ఉంది.

జూన్ 4

సాయంత్రం బోరు నీటితో నింపుడు. పైపు నీరు పడే చోట కొబ్బరి మట్టల తడక వేస్తే పూత కోసుకుపోదు. కాలవ నీరు కావాలనే వాడలేదు, దాంతో చేప పిల్లలూ చేప గుడ్లూ వస్తాయి. కుళాయి నీరయితే క్లోరిన్ పోవడానికి రెండు రోజులు తొట్టిలో ఉంచి పోయాలి.

జూన్ 7

నీరు దిగుతోంది. ఎండకు ఎంత పోతోంది, కారి ఎంత పోతోంది అన్నది విడదీయడానికి బకెట్ పరీక్ష చేశాం. రెండో మెట్టు మీద రాయి బరువుతో ఒక బకెట్ నిలబెట్టి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే మట్టంలో ఉండేలా నింపి, రెండింటికీ గుర్తు పెట్టాలి. ఒక రోజు తరవాత బకెట్‌లో 7 మిల్లీమీటర్లు, గుంటలో 32 మిల్లీమీటర్లు తగ్గింది. బకెట్‌లో తగ్గింది ఎండ వాటా. మిగిలిన 25 మిల్లీమీటర్లు కారుడు.

జూన్ 10

కారుడు ఎక్కడో కనిపెట్టడానికి నీరు పోయడం మానేసి ఊరుకున్నాం. మట్టం ఎక్కడ ఆగితే ఆ ఎత్తులోనే రంధ్రం ఉంటుంది. అంచుకు అయిదు అంగుళాల కింద ఆగింది. ఆ గీత వెంట చుట్టూ చేత్తో తడుముతూ పోతే పడమటి గట్టు వైపు రెండు వేళ్లు పట్టే బొరియ తగిలింది. గట్టు అవతలి వైపు తాజా మట్టి ఉండలు కుప్పగా ఉన్నాయి. మడి పీత పని.

మూతి ఒక్కటే మూస్తే పీత పక్కనే ఇంకోటి తవ్వుతుంది. బొరియ దారి మొత్తం పారతో తెరిచి, పీతను తీసి దూరంగా వదిలి, జిగురు మట్టిని పిడికెడు పిడికెడుగా కూరుతూ కర్రతో దట్టించాం. తరవాత గుంటకూ మడి గట్టుకూ మధ్య ఆరు అంగుళాల వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి గ్రావెల్, విరిగిన పెంకులు నింపాం. పీత గ్రావెల్‌లో బొరియ నిలబెట్టుకోలేదు. మర్నాడు బకెట్‌కూ గుంటకూ తేడా 3 మిల్లీమీటర్లు. చాలు.

జూన్ 19

మొదటి మంచి వానలు. మొక్కలు నాటాం. అంచు మెట్టులో తుంగ, పొన్నగంటి, కొద్దిగా తూటికాడ. రెండో మెట్టులో కలువ రెండు దుంపలు మాత్రమే, లోతులో హైడ్రిల్లా రెండు పిడికెళ్లు. జమ్ము నాటొద్దు, రెండేళ్లలో అర సెంటు గుంటను మింగేస్తుంది. గుర్రపుడెక్క ఒక్క కాడ కూడా రానివ్వొద్దు. నీటి మీద మూడో వంతుకు మించి ఆకు కప్పకూడదు, తూనీగకు తెరిచిన నీరు పైనుంచి కనబడాలి.

మొక్కలు ఎందుకు అన్నది గుడ్లు పెట్టే తీరుతో తెలుస్తుంది. వాలినప్పుడు రెక్కలు వీపు మీద కలిపి మూసుకునే సన్నవి, సూది తూనీగలు, కాడను చీల్చి లోపల గుడ్డు పెడతాయి. కాడ లేకపోతే అవి రావు. రెక్కలు చాచి వాలే పెద్దవాటిలో చాలా రకాలు తోక కొసను నీటికి తాటించి గుడ్లు జారవిడుస్తాయి.

వాలడానికి వెదురు పుల్లలు పన్నెండు గుచ్చాం, పెన్సిలంత లావు, నీటి పైన రెండు నుంచి మూడు అడుగుల ఎత్తు. ఒక్కో మగ తూనీగ ఒక్కో పుల్లను తనదిగా కాపలా కాస్తుంది, దగ్గర దగ్గరగా గుచ్చితే ప్రయోజనం లేదు. నాలుగు అడుగుల ఎడం ఉంచాం. పశువులు దిగకుండా, పసిపిల్లలు పడకుండా చుట్టూ మూడడుగుల వెదురు దడి. రెండున్నర అడుగుల నీరు చిన్నపిల్లలకు ప్రమాదమే, దడి లేకుండా ఈ పని ఎవరూ చేయొద్దు.

జూన్ 24

దోమ లార్వా కనబడింది. ఈ వేడిలో దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి ఎనిమిది, పది రోజులు చాలు. తూనీగ గుడ్డు పగలడానికే వారం పడుతుంది. పగిలాక పిల్లపురుగు ఆవగింజంత ఉంటుంది, దోమ లార్వాను పట్టేంత కావడానికి ఇంకో రెండు మూడు వారాలు. కొత్త గుంటకు మొదటి నెల ఎప్పుడూ ఈ ఖాళీ ఉంటుంది. దీన్ని దాటించకుండా తూనీగలు చూసుకుంటాయిలే అని వదిలేస్తే ఊరికి చేటే చేస్తాం.

చేపలు లేని పాత గుంట నుంచి రెండు బకెట్ల నీరు, అడుగు బురదతో సహా తెచ్చాం. ముందు తెల్ల పళ్లెంలో కొంచెం కొంచెంగా పోసి చేప పిల్ల లేదని చూసుకున్నాకే వదిలాం. అందులో వెల్లకిలా ఈదే నీటి పురుగులు, ఎదిగిన తూనీగ పిల్లపురుగులు ఉన్నాయి. అవి ఆ రోజే వేట మొదలెట్టాయి. దాంతో పాటు బీటీఐ (దోమ లార్వాను చంపే బాక్టీరియా మందు) పొడిని ప్యాకెట్ మీది మోతాదులో ఒక్కసారి చల్లాం. అది దోమ లార్వా, దానికి దగ్గరి కొన్ని ఈగ జాతుల లార్వాల పేగులోనే విషమవుతుంది, తూనీగ పిల్లపురుగుకు హాని లేదు. దోమ లార్వాకు వాడే రసాయన మందు టెమిఫాస్ అలా కాదు, పిల్లపురుగునూ చంపుతుంది.

ఇంకొక మాట ఇక్కడే రాయాలి. తూనీగలు పెరిగితే డెంగీ పోతుందన్న ప్రచారం సరికాదు. డెంగీ మోసే ఏడిస్ దోమ పెరిగేది కొబ్బరి చిప్పలో, టైరులో, కూలర్ అడుగున. అక్కడికి తూనీగ వెళ్లి గుడ్డు పెట్టదు. మయన్మార్‌లోని యాంగాన్‌లో ఇళ్ల నీటి తొట్లలో ఎర్ర తూనీగ (క్రోకోథెమిస్ సర్విలియా) పిల్లపురుగులను మనుషులే వేసి ఏడిస్‌ను బాగా తగ్గించారు, ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అంటే తెచ్చి వేస్తే పని చేస్తాయి. గుంట తవ్వి ఊరుకుంటే ఇంటి తొట్టిలో దోమ తగ్గదు.

జూలై 2

వచ్చిన తూనీగలు: నేల మీదే వాలే చిన్న నీలం బూడిద రంగు డిప్లకోడిస్ ట్రైవియాలిస్, సన్న నడుముతో పచ్చ నలుపు చారల ఆర్తెట్రమ్ సబీనా (ఇది తోటి తూనీగలను కూడా తింటుంది), పసుపు తూనీగ గుంపులు. పక్క బోరు తొట్టి సిమెంటు గోడ మీద రాతి రంగులో కలిసిపోయే బ్రాడినోపైగా జెమినేటా. దానికి సిమెంటు తొట్టే ఇష్టం, గుంట వైపు రాదు. ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయి.

జూలై 16

నమూనా తీశాం. ఇంటి టీ జాలి, తెల్ల పళ్లెం చాలు. జాలిని మొక్కల మొదళ్లలో మూరెడు దూరం లాగి పళ్లెంలో బోర్లించి రెండు నిమిషాలు కదపకుండా ఉండాలి. బురద దిగాక కదిలేవి కనబడతాయి. సూది తూనీగ పిల్లకు తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలుంటాయి. పెద్ద తూనీగ పిల్లకు అవి ఉండవు, మొప్పలు పేగు చివర లోపలే ఉంటాయి. వేలు దగ్గరికి తెస్తే వెనక నుంచి నీటిని చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. పళ్లెంలో ఒక దోమ లార్వాను వదిలితే ముందు కళ్లు అటు తిరుగుతాయి. తరవాత గడ్డం కింద మోచేయిలా మడిచి ఉన్న కింది పెదవి విచ్చుకొని, లార్వాను పట్టి, వెనక్కి ముడుచుకుంటుంది. చాపడం కంటికి ఆనదు, నములుతున్నది మాత్రమే కనబడుతుంది.

నాచు తీగలు పెరిగాయి. కర్రకు చుట్టి తీసి గట్టున పారేయకూడదు, వాటిలో వందల పిల్లపురుగులుంటాయి. నీటి అంచునే ఒక రాత్రి ఉంచితే అవి తిరిగి నీటిలోకి పాకుతాయి.

ఆగస్టు 3

మొదటి కుబుసాలు. తుంగ కాడల మీద తొమ్మిది, వెదురు పుల్లల మీద రెండు, అన్నీ పసుపు తూనీగవే. నీరు నిలిచి ఎనిమిది వారాలు, గుడ్లు పడి ఆరు వారాలు.

రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూసింది: ఎనిమిది దాటాక పిల్లపురుగు కాడ ఎక్కి జానెడు ఎత్తున గోళ్లు దింపి ఆగింది. వీపు నిలువునా చిట్లింది. ముందు వీపు, తరవాత తల, కాళ్లు బయటికొచ్చాయి. అక్కడ తలకిందులుగా వేలాడుతూ అరగంట పైన కదల్లేదు. ఇది చచ్చిందని చాలామంది ముట్టుకుంటారు, ముట్టుకోకూడదు. కాళ్లు గట్టిపడడానికి ఆగింది. ఆ తరవాత ఒక్క ఊపున పైకి వంగి తన కుబుసం తలనే పట్టుకొని తోకను లాక్కుంది. నలిగిన తడి గుడ్డల్లాంటి రెక్కలు పావుగంటలో చాచుకున్నాయి. తెల్లవారే దాకా రెక్కలు పాలరంగులో, మెత్తగా ఉన్నాయి. వెలుగు రాగానే ఎగిరింది. వదిలేసిన కుబుసంలో తెల్లటి దారాల్లాంటివి కనబడతాయి, అవి పాత గాలి గొట్టాల పొరలు.

ఆ రాత్రి మూడు పోయాయి. రెండింటిని చీమలు పట్టాయి, ఒకదాని రెక్క పక్క కాడకు తగిలి వంకరగా గట్టిపడింది. అందుకే పుల్లల చుట్టూ బెత్తెడు ఖాళీ ఉండాలి. గట్టును తాకే పుల్లలన్నీ పీకి నీటి నడుమకు మార్చాం, చీమలకు దారి ఉండదు. పొద్దున్నే పసిరిక పిట్టలు కొన్నిటిని ఎత్తుకెళ్లాయి. వాటికి చేయాల్సింది ఏమీ లేదు.

ఆగస్టు 21

ఎగువ మడిలో కాండం తొలిచే పురుగుకు గుళికలు వేశారు. మన గట్టు అడుగు ఎత్తున్నా, రాత్రి వానకు ఎగువ మడి నీరు పొర్లి కొంచెం గుంటలోకి దిగింది. రెండు రోజులకు పల్చని అంచున పిల్లపురుగులు కాళ్లు వణుకుతూ వెల్లకిలా తేలాయి. సగం నీరు తోడి బోరు నీరు పోశాం. ఎగువ గట్టును ఇంకో ఆరు అంగుళాలు పెంచి, దాని పక్కన మళ్లింపు కాలువ తీశాం. గుంట కట్టిన రోజే చేయాల్సిన పని ఇది. మందు వేసిన మడి నీరు కనీసం వారం పాటు గుంట వైపు రాకూడదు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివయితే ఇంకా జాగ్రత్త. జపాన్ వరి మడుల్లో అక్కడి ఎర్ర తూనీగలు (మన ఎర్ర తూనీగ కాదు, వేరే రకం) తగ్గిపోవడానికి నారుకు వేసే ఈ మందులే ముఖ్య కారణమని అక్కడి పరిశోధకులు చూపారు.

సెప్టెంబరు 15

జాలిలో పిల్లపురుగుల సంఖ్య ఒక్కసారిగా పడింది. వెతికితే మట్టగిడస పిల్లలు నాలుగు దొరికాయి. వాన రాత్రి తడి గట్టు మీదుగా ఎక్కి వచ్చాయి. వల వేసి తీశాం. దడి అడుగున జానెడు ఎత్తు సన్న కంతల నైలాన్ వల కట్టి, నాలుగు వేళ్లు మట్టిలో పూడ్చాం.

దోమలకని గంబూసియా చేపలు వదులుతామని ఒకరు ముందుకొచ్చారు. వద్దన్నాం. గంబూసియా దోమ లార్వాను తింటుంది, నిజమే. తూనీగ గుడ్డు నుంచి వచ్చిన బుజ్జి పిల్లలనూ, కప్ప పిల్లలనూ కూడా తింటుంది, ఒకసారి చేరితే పోదు. గంబూసియా ఉన్న గుంటకు ఇంత శ్రమ అక్కర్లేదు, అది వేరే పని. ఇక్కడ పది ముంతల నీటిలో ఒక్క దోమ లార్వా కూడా లేదని ముంచి చూపించాక ఆయన ఒప్పుకున్నారు.

అక్టోబరు 9

లెక్క తీరు: నీరెండ రోజున పదింటి నుంచి పన్నెండు లోపు, గుంట చుట్టూ ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడవాలి. ఎగిరేవాటి కన్నా కుబుసాలు నమ్మకం. ఎగిరేది ఎక్కడి నుంచైనా రావచ్చు, కుబుసం ఈ గుంటలో పెరిగిందనడానికి సాక్ష్యం. ఇవాళ రకాలు పదకొండు. క్రోకోథెమిస్ సర్విలియా, గులాబీ రంగు ట్రైథెమిస్ ఆరోరా, పసుపు నలుపు రెక్కల రియోథెమిస్ వేరిగేటా, సూది తూనీగల్లో సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్, చాలా చిన్నదైన అగ్రియోక్నెమిస్ పిగ్మియా ఉన్నాయి. నారింజ రెక్కల బ్రాకీథెమిస్ కంటామినేటా రెండే ఉన్నాయి. అది మురికి నీటిని తట్టుకుంటుంది. ఎక్కడైనా గుంట మీద అదొక్కటే గుంపుగా కనబడితే నీరు పాడైందని అర్థం.

పసుపు తూనీగలు సాయంత్రాలు మడి మీద వలయాలు తిరుగుతూ పల్చబడుతున్నాయి. ఈ రకమే అక్టోబరు ప్రాంతంలో భారత్ నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తుందని అప్పట్లో మాల్దీవుల్లో ఉన్న జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో రాశారు. మన జిల్లా వానకుంటల్లో ఆరు వారాలు పెరిగిన పురుగు సముద్రం దాటే జాతిది. గుంట అరడుగు పూడితే ఏమవుతుందిలే అనేవాళ్లతో ముందు మాట్లాడాల్సింది దీని గురించే.

తుపాను కాలం. పొర్లు నీటికి తూర్పు అంచున ఆరు అంగుళాల పీవీసీ పైపు వేసి, మూతికి రెండు మిల్లీమీటర్ల జాలి కట్టాం. ఆకులు అడ్డుపడతాయి, పెద్ద వాన ముందు తప్పక తుడవాలి.

నవంబరు 20

కోతకు ముందు శ్రీకాకుళం సన్నాల మడి ఆరగట్టారు. మడిలో తడి లేదు. గుంటలో రెండో మెట్టు దాకా నీరుంది. జాలి లాగితే మూడు సైజుల పిల్లపురుగులు వచ్చాయి, అంటే మూడు వేర్వేరు వారాల్లో పడ్డ గుడ్లు. మడి నీరు తీసిన రోజున మూడో వంతు తుంగ కోశాం. మొత్తం ఒకేసారి కోయకూడదు, ఎక్కి రెక్కలు విప్పుకోవడానికి కాడలు మిగలాలి.

మిగిలిన పని: ఏప్రిల్‌లో నీరు తగ్గినప్పుడు రెండు మూడు వారాలు అడుగు కనబడేలా వదిలేయాలి. కంటికి కనబడని చేపలు అప్పుడు పోతాయి. పిల్లపురుగులు కొన్ని పోతాయి గానీ, దగ్గరి తొట్ల నుంచీ గెడ్డల (వాగుల) నుంచీ తూనీగలు వానతో తిరిగి వస్తాయి. చేపలు అంత తేలిగ్గా రావు. ఎండిన పూత నెర్రెలు తీస్తుంది కాబట్టి తొలకరికి ముందు నీళ్లు చల్లి ఒక పూట మళ్లీ తొక్కాలి. దానికి అర ట్రాక్టరు చెరువు మట్టి ఇప్పుడే తెచ్చి గట్టు పక్కన పోసి, తాటాకు కప్పి ఉంచాం.